కడప బండల కబోర్డు సర్దుకోడానికి కొన్నవి, రెండేళ్ళ వాడకం తర్వాత

కబోర్డు ఆర్గనైజేషన్ వీడియోలు ఏవి చూసినా అన్నీ చెక్క వార్డ్‌రోబ్‌లే, నిలువునా ఆరడుగుల ఖాళీ, లోపల రాడ్డు, కింద సొరుగులు. చాలామంది ఇళ్ళల్లో ఉండేది అది కాదు కదా. మాది కూకట్‌పల్లిలో పాత అపార్ట్‌మెంటు, అద్దె ఇల్లు, బెడ్రూం గోడలోనే కడప బండలు పెట్టి కట్టిన అరలు, ముందు రెండు చెక్క తలుపులు, పైన సజ్జ, అంతే. వెడల్పు నాలుగడుగులు, అరకీ అరకీ మధ్య అడుగున్నర, లోతు కూడా దాదాపు అంతే. దీనికి మొత్తం మూడు వేల లోపే పెట్టాం, రెండేళ్ళు దాటింది, ఏవి నిలబడ్డాయో ఏవి చెత్తబండిలోకి పోయాయో చెప్తా.

అన్నిటికన్నా పనికొచ్చినవి బేగంబజార్లో తెచ్చిన మామూలు ప్లాస్టిక్ జాలీ బుట్టలు. డజను తీసుకుంటే రేటు బాగా తగ్గించాడు. ఈ కబోర్డుల్లో చోటు లేదని అందరం అంటాం గానీ అసలు గొడవ లోతుతోనే, ముందు ఒక వరస మడతలు పెట్టేస్తే వెనక వరస ఏముందో సంక్రాంతికి దులిపేదాకా గుర్తు రాదు, వెనకది లాగితే ముందుది కూలిపోద్ది. అందుకని సన్నగా పొడుగ్గా, లోతు మొత్తానికీ సరిపోయే బుట్ట తీసుకోండి, సొరుగులాగా మొత్తం బయటికి వచ్చేస్తుంది, బట్టలు పడుకోబెట్టకుండా నిలబెట్టి మడతపెడితే పైనుంచి అన్నీ కనపడతాయి. కొలత మాత్రం అరది కాదు, తలుపు చౌకట్టు రెండు వైపులా కాస్త లోపలికి వస్తుంది కాబట్టి చౌకట్టు మధ్య ఎంతుందో అది కొలవాలి, లేకపోతే చివరి బుట్ట లోపలికి పోతుంది గానీ బయటికి రాదు. ముందువైపు చేతికి పట్టు ఉందో లేదో కూడా చూస్కోండి. రెండేళ్ళలో ఒక్క బుట్ట అంచు విరిగింది, అది కూడా మా వాడు దానిమీద ఎక్కి సజ్జ మీద క్యారమ్ బోర్డు తీయబోయి.

తర్వాత మార్కులు స్టీలు స్టాండ్లకి, అవే, వంటింట్లో గిన్నెలకి వాడే కాళ్ళ స్టాండ్లు. అడుగున్నర ఎత్తు అరలో బట్టలు నిండా పేరిస్తే కింద చీర తీయడానికి పైన పది ఎత్తాలి, ఒక స్టాండు పెడితే అర రెండైపోద్ది. ప్లాస్టిక్ కాళ్ళవి కొనకండి, జీన్స్ బరువుకి నడుం వంగిపోయాయి. అరకి కింద తగిలించే వైరు బుట్టలని ఆన్‌లైన్లో ఊదరగొడతారు చూడండి, అవి సన్నటి చెక్క అరలకి, మా బండ మందానికి క్లిప్పు దూరనే లేదు, రిటర్న్ పెట్టేశాం.

ఇక గుడ్డ డబ్బాలు. కొత్తలో చాలా అందంగా ఉంటాయి నిజమే. కానీ అడుగున ఉండేది అట్టే, ఒక వానాకాలం పోయేసరికి అట్ట ఉబ్బి మెత్తబడిపోయింది, పక్కలు లోపలికి పడిపోయాయి. ఇప్పుడు వాటిల్లో స్వెటర్లు పెట్టి సజ్జ ఎక్కించాం. ట్రాన్స్‌పరెంట్ కిటికీ ఉండే చీరల కవర్లు కూడా అంతే, మొదట జిప్పు పోతుంది, తర్వాత ఆ నాన్ వూవెన్ గుడ్డ పొడిపొడిగా రాలడం మొదలెడుతుంది. రోజూ కట్టే చీరలకి పర్లేదు. పట్టుచీరలు మాత్రం మా అత్తయ్య చెప్పినట్టు ఉతికిన పాత తెల్ల పంచె ముక్కల్లో చుట్టేశాం, పైసా ఖర్చు లేదు, గాలి ఆడుతుంది, ఏడాదికి రెండు మూడుసార్లు మడత మార్చి నీడన ఆరేస్తే జరీ మడత దగ్గర చిట్లదు. ఆవిడ దగ్గర ఆవిడ పెళ్ళినాటి చీర ఇంకా కట్టుకునేలా ఉంది, అంతకన్నా రివ్యూ ఏం కావాలి.

హ్యాంగర్ల సంగతి. మామూలు హ్యాంగరు వెడల్పే దాదాపు 17 ఇంచీలు, కాబట్టి అడుగున్నర లోతులో తగిలిస్తే చొక్కా భుజాలు తలుపుకి రాసుకుంటాయి, దీనికి రెండడుగుల లోతు ఉండాలి. మాకు పిల్లాడి రూంలో ఒక్క కబోర్డులో లోతు సరిపడా ఉంది, కింది అర కూడా మూడున్నర అడుగుల ఎత్తు. అక్కడ స్ప్రింగు రాడ్డు పెట్టాం, నాలుగడుగుల పొడుగు కదా, బట్టలు పెరిగేకొద్దీ మధ్యలో వంగి ఒకరోజు అర్ధరాత్రి దబ్బున పడింది, మా ఆయన దొంగలనుకుని లేచారు. తర్వాత ఓనర్ని అడిగి పక్క గోడలకి సాకెట్లు కొట్టించి స్టీలు కర్టెన్ రాడ్డు వేయించాం, దానికి తిరుగులేదు. ఒకే కొక్కేనికి ఐదు ప్యాంట్లు వేలాడదీసే హ్యాంగరు చూడ్డానికి బాగుంటుంది, కానీ లోపలున్న ప్యాంటు కావాలంటే మిగతావన్నీ కిందపడతాయి.

అందం కోసం చేసినవాటిలో డబ్బుకి తగ్గ ఫలితం ఇచ్చింది పెయింటే. లోపల ఎప్పటిదో బూడిద రంగు సున్నం, చెయ్యి తగిల్తే అంటుకునేది. ఒక లీటరు తెల్ల ఎనామెల్ తెచ్చి గోడ వరకూ మేమే వేశాం, వారం పైనే తలుపులు తెరిచిపెట్టాం వాసన పోవడానికి. పగలు లైటు లేకుండానే వెనక మూల దాకా కనపడుతోంది. బండల మీద పూల డిజైను స్టిక్కరు షీటు వేశాం, అది బానే ఉంది, తడిగుడ్డతో తుడిస్తే చాలు. అదే షీటు బాత్రూం వైపు గోడకి అంటించింది మాత్రం బుడగలొచ్చి, పీకి చూస్తే వెనకాల అంతా నల్లటి బూజు. చెమ్మ ఉన్న గోడకి ప్లాస్టిక్ అంటించడం శుద్ధ దండగ. సెన్సార్ లైటు పర్లేదు, ఛార్జింగు పెట్టాలనే గుర్తుండదు.

చెమ్మ పీల్చే డబ్బాలు వానల్లో నిజంగానే పనిచేస్తాయి, కింద నీళ్ళు నిండడం కంటికి కనపడుద్ది, కాకపోతే ఒలికితే బట్టలు జిడ్డు జిడ్డుగా తడుస్తాయి కాబట్టి బుట్టలో కాకుండా అడుగున ఒక మూలకి పెట్టండి. ప్రతి వానాకాలం మళ్ళీ కొనాలి. దానికన్నా బాత్రూం గోడకి రెండు మూడు ఇంచీలు వదిలి బుట్టలు పెట్టడమే మాకు ఎక్కువ పనిచేసింది.

కలరా ఉండలు వాడేవాళ్ళు పలచటి గుడ్డలో మూటగట్టి పై అరలో పెట్టండి, ఆ ఆవిరి గాలికన్నా బరువు, కిందికే దిగుతుంది. చీరల మడతల్లో నేరుగా వేయొద్దు. పసిపిల్లల బట్టల దగ్గర మాత్రం అసలొద్దు, జీ6పీడీ లోపం (పుట్టుకతో వచ్చే ఒక ఎంజైము లోపం) ఉన్న పిల్లలకి ఆ వాసన పట్టిన బట్టలు తొడిగితే రక్తకణాలు దెబ్బతిని కామెర్లు రావచ్చు, చాలామందికి ఆ లోపం ఉన్నట్టు ముందు తెలియదు కూడా. మా ఆడపడుచు కాన్పుకి వచ్చినప్పుడు కబోర్డులో ఉన్న ఉండలన్నీ తీసేసి, పాత బట్టలు ఉతికి ఎండలో వేశాకే వాడాం, ఇప్పుడు ఎండిన వేపాకు పెడుతున్నాం, దాంతో సిల్వర్ ఫిష్ పూర్తిగా పోలేదు గానీ తగ్గింది.