మొదటి బెయిట్‌కాస్టర్: మాగ్నెటిక్ బ్రేకా, సెంట్రిఫ్యూగల్ బ్రేకా?

చేపలు పట్టే గాలపు కర్రకు పైన బిగించే రీల్, అంటే బెయిట్‌కాస్టర్, కొత్తగా పట్టుకున్నవాళ్లందరి టెన్షన్ ఒకటే, బ్యాక్‌లాష్. గాల్లో ఎర నెమ్మదించినా స్పూల్ (లైన్, అంటే గాలపు దారం, చుట్టి ఉండే చక్రం) అదే వేగంతో తిరుగుతుంటే, బయటికి పోలేని లైన్ లోపలే చిక్కుపడిపోతుంది. బ్రేకులు ఉన్నది అందుకే.

మాగ్నెటిక్‌లో అయస్కాంతాలు స్పూల్‌ను తాకకుండానే వేగాన్ని తగ్గిస్తాయి. డయల్ బయటే ఉంటుంది కాబట్టి ఎదురుగాలి వచ్చినా, ఎర మార్చినా నిలబడ్డచోటే రెండు అంకెలు పెంచుకోవచ్చు. చివరిదాకా బ్రేక్ కొంత పట్టే ఉంటుంది, దూరం కాస్త తగ్గొచ్చు. సెంట్రిఫ్యూగల్‌లో స్పూల్ తిరిగే ఊపుకి చిన్న బ్రేక్ ముక్కలు బయటికి జరిగి రింగుకు రాసుకుంటాయి, అంటే విసిరిన మొదట్లో గట్టిగా పట్టి వేగం తగ్గేకొద్దీ వదిలేస్తాయి, దూరం బాగా వస్తుంది, కానీ చాలా మోడళ్లలో సైడ్ ప్లేట్ (రీల్ పక్క మూత) తీసి సర్దాలి, చెరువు గట్టున తడి చేతులతో అది చిరాకు.

నేనైతే కొత్తవాళ్లకు మాగ్నెటిక్కే చెప్తాను. బ్రేక్ గట్టిగా పట్టేలా డయల్ దాదాపు చివరిదాకా తిప్పి, 14 గ్రాముల ఎర, 12 పౌండ్ల బరువు తట్టుకునే మోనో లైన్‌తో (ఒకే పోగు నైలాన్ దారం) మొదలుపెట్టండి. కొర్రమీను కోసం కప్ప ఎర, బ్రెయిడ్ (సన్నని పోగులతో అల్లిన లైన్) తర్వాత చూసుకోవచ్చు, బ్రెయిడ్‌లో పడ్డ చిక్కు విప్పడం నరకం. బ్రేక్ ఏదైనా సరే, ఎర నీటిని తాకే క్షణంలో బొటనవేలితో స్పూల్‌ను ఆపాల్సింది మీరే.