జిప్సీతో పదేళ్లు, రెండు నోటుబుక్కుల మైలేజీ లెక్క

నాది 2006 మోడల్ మారుతి జిప్సీ. 1.3 లీటర్ల ఎంపీఎఫ్ఐ పెట్రోల్ ఇంజన్, ఫోర్ వీల్ డ్రైవ్, 40 లీటర్ల ట్యాంకు. 2015లో సెకండ్‌హ్యాండ్‌లో కొన్న. ఇల్లు హన్మకొండలో, పొలం పస్రా అవతల. వారానికి ఒక్కసారైనా ములుగు రోడ్డు పట్టాల్సిందే. వానాకాలంలో చివరి మూడు కిలోమీటర్లు బురదే బురద. ఆ మూడు కిలోమీటర్ల కోసమే ఈ బండి కొన్న. పెట్రోల్ ఖర్చంతా మాత్రం అంతకుముందున్న డెబ్బై కిలోమీటర్ల తారు రోడ్డు మీదే.

కొన్న కొత్తలో ఎవరడిగినా "ఎనిమిది ఇస్తది" అనేవాణ్ని. అది లెక్క కాదు, అందాజ. 2016 నుంచి డ్యాష్‌బోర్డులో ఒక నోటుబుక్కు పెట్టిన. తేదీ, మీటర్ రీడింగ్, లీటర్లు, ఏ దారిలో పోయిన, టైర్లలో గాలి ఎంత అన్నవి రాసేవాణ్ని. పద్ధతి ఒక్కటే: ప్రతిసారీ అదే బంకు, అదే పంపు, బండి చదునుగా నిలబెట్టి మొదటిసారి గన్ను ఆగేదాకా ఫుల్ ట్యాంకు. ఆగినంక రౌండ్ ఫిగర్ కోసం ఇంకో అర లీటరు పోయించుకోవద్దు. 30 లీటర్లు పట్టినప్పుడు ఒక లీటరు అటూ ఇటూ అయితే లెక్క మూడు శాతం పైగా తప్పుతుంది. అందుకే ఒక్క ట్యాంకు చూసి ఏమీ అనుకోను. మూడు ట్యాంకుల కిలోమీటర్లు కలిపి, మూడింటి లీటర్లతో భాగిస్త.

మొదటి తప్పు మీటర్‌లోనే దొరికింది. ముందటి ఓనరు 205/70 ఆర్15 టైర్లు తీసేసి 215/75 ఆర్15 వేయించిండు. చక్రం పెద్దది కాబట్టి అదే దూరానికి తక్కువసార్లు తిరుగుతుంది. హైవే రాళ్ల లెక్కన 50 కిలోమీటర్లు పోతే మీటర్ 47.5 చూపించింది. రెండు సైజుల వ్యాసాలు లెక్కేసినా అదే తేడా వస్తుంది, 5.3 శాతం. మీటర్ ప్రకారం నాకొచ్చేది 8.4, అసలు వచ్చేది 8.8.

అసలు దొంగ దొరకడానికి మాత్రం ఏడాది పట్టింది. చలికాలం పొద్దున హన్మకొండ నుంచి బయలుదేరితే ఆత్మకూరు దాటినా టెంపరేచర్ ముల్లు సగానికి వచ్చేది కాదు. బండి వేడెక్కట్లేదని సంతోషపడే విషయం కాదది. బండిని దాని పాత మెకానిక్ షెడ్డుకు తీసుకుపోయి అడిగితే మెకానిక్ ధీమాగా చెప్పిండు: "థర్మోస్టాట్ వాల్వ్ ఎప్పుడో తీసేసిన అన్నా, ఇగ ఇంజన్ గరం గాదు." మన దగ్గర చాలా షెడ్లలో ఇదే వైద్యం. వాల్వ్ లేకపోతే కూలెంట్ ఎప్పుడూ రేడియేటర్‌లో తిరుగుతూనే ఉంటుంది, ఇంజన్ సరైన వేడికి రాదు. ఇంజన్ ఇంకా చల్లగానే ఉందని సెన్సార్ చెప్తుంటే, ఈసీయూ, అంటే పెట్రోల్ ఎంత పోవాలో చూసే ఇంజన్ కంప్యూటర్, చోక్ లాగినట్టు పెట్రోల్ ఎక్కువే పంపిస్తుంది. కొత్త వాల్వ్, గ్యాస్కెట్, కూలెంట్ కలిపి పెద్ద ఖర్చేమీ కాలేదు. తర్వాతి మూడు ట్యాంకుల సగటు 9.9, టైరు సవరణ చేసే చెప్తున్న. పదేళ్లలో నేను పెట్టిన ఏ రూపాయీ ఇంత ఫలితం ఇయ్యలేదు. ఇంజన్ నిజంగానే వేడెక్కుతుంటే రేడియేటర్, ఫ్యాన్ చూపించుకోండి. వాల్వ్ మాత్రం తీయనియ్యకండి.

రెండోది బ్రేకులు. పొలం నుంచి వచ్చినంక నాలుగు చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూడటం అలవాటు చేసుకున్న. ఒకరోజు ముందు ఎడమ చక్రం చెయ్యి ఆనలేనంత కాలుతున్నది. బురద, నీళ్లకు, బ్రేకు ప్యాడ్‌ను పట్టుకుని ఉండే క్యాలిపర్ పిన్నులు బిగుసుకుపోయి ప్యాడ్ వదలట్లేదు. విప్పి, కడిగి, గ్రీజు పెట్టిస్తే లెక్క 10.4కు వచ్చింది. అప్పటి నుంచి వానాకాలం పోగానే ఆ పని తప్పనిసరి.

జిప్సీని ఫోర్ వీల్ డ్రైవ్‌లో నడపాలంటే ముందటి చక్రాల హబ్బులు చేత్తో లాక్ చేయాలి. బురద దాటినంక ఫ్రీ చేయకపోతే ముందటి యాక్సిల్, షాఫ్టు ఊరికే తిరుగుతుంటాయి. 2018 వానాకాలంలో రెండు నెలలు అట్లనే తిప్పిన. ఆ నెలల్లో నోటుబుక్కులో లీటరుకు అర కిలోమీటరు దాకా తగ్గి ఉంది. బురద కోసం గాలి 18కి దించి, పంక్చర్ షాపు వచ్చేదాకా అట్లనే హైవే ఎక్కినప్పుడూ నష్టమే. బ్యాటరీకి తగిలించే చిన్న గాలి పంపు కొన్నంక ఆ తిప్పలు పోయినయ్.

పెద్ద టైర్లు అరిగినంక మళ్లీ 205/70 వేయించిన. మీటర్ లెక్కన 9.9 ఉన్నది 10.9 అయింది. చూసినోళ్లు కిలోమీటరు పెరిగిందన్నరు. నిజంగా పెరిగింది 10.4 నుంచి 10.9కి, అంటే అర కిలోమీటరు. మిగతా సగం మీటర్ సరిగ్గా తిరగడమే.

వేగం సంగతి వేరే చెప్పాలి. జిప్సీ ముందు భాగం నిలువు గోడ. వేగం 60 నుంచి 90కి పెరిగితే గాలి అడ్డు రెండింతలు దాటుతుంది. నా లెక్కలో 60–65 మీద 11.5 ఇచ్చిన బండే 85–90 మీద 9.6 ఇచ్చింది. పస్రాకు పోవడానికి పట్టే సమయంలో తేడా ఇరవై నిమిషాలే. పైన క్యారియర్ కూడా అవసరం లేనప్పుడు విప్పేస్త.

పెట్రోల్ పైపుకు చుట్టే అయస్కాంతం, ట్యాంకులో పోసే మందు, పొద్దున్నే పోయించుకోవడం అన్నీ మూడేసి ట్యాంకులు చూసిన. తేడా సున్నా. బంకు ట్యాంకు భూమిలో ఉంటుంది, పొద్దునకూ మధ్యాహ్నానికీ పెట్రోల్ వేడిలో చెప్పుకోదగ్గ మార్పు ఉండదు.

ఈ మధ్య 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోల్ వచ్చినంక 10.9 కాస్తా 10.4 అయింది. లీటరు ఇథనాల్‌లో పెట్రోల్ కన్నా శక్తి మూడో వంతు తక్కువ, కాబట్టి ఈ తగ్గుదలకు బండిలో రిపేరు వెతకడం దండుగ. పాత రబ్బరు పైపులకు మాత్రం ఇథనాల్ పడదు. అవన్నీ మార్పించిన.

పాత జిప్సీ కొందామని చూస్తుంటే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే పోయి మీరే స్టార్ట్ చేయండి. పది కిలోమీటర్లు నడిపి ముల్లు ఎక్కడ ఆగిందో చూడండి. దిగి చక్రాల దగ్గర చెయ్యి పెట్టండి, టైరు మీద సైజు చదవండి. ఆ తర్వాతే బేరం.