జరిమానా వెనక్కి ఇచ్చారు సరే, దాని మీది జీఎస్టీ మాటేమిటి?

క్రెడిట్ కార్డు మీద అన్యాయంగా పడిన రుసుమును బ్యాంకు చేత వెనక్కి ఇప్పించుకోవడం అనుకున్నంత కష్టమేమీ కాదు. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి, మర్యాదగానే అయినా కొంచెం గట్టిగా అడిగితే, చాలాసార్లు ఆ సంభాషణలోనే ఒప్పుకుంటారు. నాకు ఒళ్ళు మండేది ఆ ఇచ్చే తీరు చూసే. నిబంధన తప్పి తాము వసూలు చేసుకున్న సొమ్మునే, ఏదో ఉపకారం చేస్తున్నట్టుగా, ‘ఈ ఒక్కసారికి గుడ్‌విల్ కింద మాఫీ చేస్తున్నాం సార్’ అంటూ తిరిగి ఇస్తారు. మనం సంతోషించి ఫోన్ పెట్టేస్తాం. ఆ సొమ్ము ఉపకారం ఖాతాలో జమ కావడం వల్ల మనకు ఎంత నష్టమో నాకు తెలిసివచ్చేసరికి ఒక జరిమానా, దాని వెనకాలే ఒక వార్షిక రుసుము పడ్డాయి.

తిరుపతిలో గోవిందరాజస్వామి గుడికి దగ్గర్లో మాకు ఇత్తడి దీపాలు, పూజా సామగ్రి అమ్మే దుకాణం ఉంది. ఈ కార్డును 2019లో తీసుకున్నాను. జీవితాంతం వార్షిక రుసుము ఉండదని స్వాగత లేఖలోనే రాసి ఇచ్చారు. పాయింట్లు, లాంజులు, క్యాష్‌బ్యాక్ వంటివాటి గురించి ఇప్పటికే చాలామంది చెప్పారు కనుక వాటి జోలికి పోను. ప్యాకింగ్ సరుకు, కరెంటు బిల్లు, రైలు టికెట్లు అన్నీ దీని మీదే నడుస్తాయి. వాడకంలో కార్డు వల్ల నాకు ఎన్నడూ ఇబ్బంది కలగలేదు.

2024 అక్టోబరు బ్రహ్మోత్సవాల్లో సరిగ్గా గరుడసేవ రోజునే, అంటే 8వ తేదీన, బిల్లు గడువు వచ్చింది. ఆ రోజు ఊళ్ళో ఎంత రద్దీ ఉంటుందో, దుకాణంలో ఊపిరి తీసుకోవడానికైనా ఎంత తీరిక దొరుకుతుందో తిరుపతివాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. అయినా ఆ సాయంత్రమే బిల్లులు కట్టే యాప్ ద్వారా మొత్తం సొమ్ము చెల్లించాను. నా ఖాతా నుంచి డబ్బు అప్పుడే వెళ్ళిపోయింది, రసీదూ వచ్చింది. బ్యాంకువారి స్టేట్‌మెంట్‌లో మాత్రం అది 10వ తేదీన జమ అయినట్టు చూపించారు. ఆ కిందనే వరుసగా నాలుగు పద్దులు పడ్డాయి: లేట్ ఫీజు రూ. 950, దాని మీద జీఎస్టీ రూ. 171, వడ్డీ రూ. 612, దాని మీద జీఎస్టీ రూ. 110.16.

రిజర్వు బ్యాంకు 2022 ఏప్రిల్ 21న కార్డుల జారీ, నిర్వహణల గురించి ఆదేశాలు వెలువరించి, అదే ఏడాది జూలై 1 నుంచి అమలులోకి తెచ్చింది. గడువు తేదీ దాటిన తర్వాత మూడు రోజులకు మించి బకాయి నిలిచిపోయినప్పుడే లేట్ ఫీజు వేయాలని, అప్పుల చరిత్ర నమోదు చేసే క్రెడిట్ బ్యూరోకు బకాయిదారుగా నివేదించడం కూడా అప్పుడేనని అందులో స్పష్టంగా ఉంది. (దీన్ని అదనపు గడువుగా భావించి నింపాదిగా కూర్చునేవారున్నారు, మూడు రోజులు దాటితే మాత్రం లెక్క మొదటి గడువు తేదీ నుంచే మొదలవుతుంది.) బ్యాంకు చెప్పిన తేదీనే ఒప్పుకున్నా, నా డబ్బు రెండో రోజుకే చేరింది. అంటే ఆ రూ. 950 వేసే అధికారమే వారికి లేదు.

ఫోన్ చేశాను. అవతలి అమ్మాయి ఎంతో ఓర్పుగా విని, గుడ్‌విల్ కింద మాఫీ చేస్తామని చెప్పి, తర్వాతి స్టేట్‌మెంట్‌లో రూ. 950 తిరిగి వేయించింది. అప్పట్లో ఎవరడిగినా ఈ కార్డు కస్టమర్ కేర్‌ను తెగ మెచ్చుకునేవాణ్ణి; ఆ మెప్పులో ఇప్పుడు కొంత కోత వేసుకోక తప్పదు. వెనక్కి వచ్చింది రూ. 950 మాత్రమే. దాని మీది రూ. 171 రాలేదు, వడ్డీ రాలేదు, వడ్డీ మీది పన్నూ రాలేదు. మళ్ళీ అడిగితే, ‘పన్ను ప్రభుత్వానికి వెళ్ళిపోయింది సార్, అది మా చేతిలో ఉండదు’ అన్నారు.

ఈ జవాబు ఉద్యోగస్తుడికి సరిపోతుందేమో గానీ, నెలనెలా జీఎస్టీ రిటర్నులు వేసే దుకాణదారుడికి సరిపోదు. నేను అమ్మిన కుందుల జతలో ఒకటి పగుళ్ళు చూపి, కొన్నవారు వెనక్కి తెచ్చారనుకోండి. సరుకు ధర తీసుకోండి, పన్ను మాత్రం ఢిల్లీలో అడగండి అని నేను వారికి చెప్పగలనా? పన్నుతో సహా క్రెడిట్ నోట్ (బిల్లు మొత్తాన్ని తగ్గించినట్టు ఇచ్చే చీటీ) రాసి ఇస్తాను, ఆ నెల రిటర్నులో ఆ మేరకు నా పన్ను తగ్గించుకుంటాను. కేంద్ర జీఎస్టీ చట్టం 34వ సెక్షన్ ఇందుకోసమే ఉంది, ఆ ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30 వరకూ అందుకు గడువు కూడా ఇస్తుంది. వేయకూడని రుసుమును రద్దు చేస్తే దాని మీది పన్నూ రద్దవుతుంది. అదే రుసుమును న్యాయంగా వేసి, తర్వాత దయతలచి వదిలేసినట్టు రాసుకుంటే పన్ను నిలిచిపోతుంది. నా సొమ్మును ఉపకారంగా నమోదు చేయడంలో ఉన్న కిటుకు నాకు ఇక్కడ మొదటిసారి తగిలింది.

రెండోది 2025 ఫిబ్రవరిలో తగిలింది. అంతకు కొన్ని వారాల ముందు, నేను అడగకుండానే, పాత కార్డు కంటే మెరుగైనదని చెప్పుకునే కొత్త కార్డొకటి కొరియర్‌లో వచ్చింది. కవరు విప్పి చూసి, యాక్టివేట్ చేయకుండానే గల్లాపెట్టె సొరుగులో పడేశాను. తర్వాతి స్టేట్‌మెంట్‌లో వార్షిక రుసుము రూ. 499, జీఎస్టీ రూ. 89.82 ప్రత్యక్షమయ్యాయి. మళ్ళీ ఫోన్ చేశాను. ఈసారి వచ్చిన జవాబు వింటే నవ్వాలో ఏడవాలో తెలియలేదు: ‘ఈ సంవత్సరానికి మీ గుడ్‌విల్ మాఫీ అక్టోబరులోనే వాడేసుకున్నారు సార్, ఇంక మాకు అవకాశం లేదు.’ వారి పొరపాటును వారే సవరించుకున్న ఖర్చు నా ఖాతాలో రాశారన్నమాట!

మా కరెంటు ఖాతా ఉన్న బ్రాంచి కూడా ఇదే బ్యాంకుది. అక్కడి ఆఫీసరు కుర్రాడు మా దుకాణానికి వస్తూపోతూ ఉండేవాడే. ‘అన్నా, కార్డుల విషయం మొత్తం పైనుంచే చూస్తారన్నా, మీ కార్డు స్టేట్‌మెంట్ మా సిస్టమ్‌లో కనపడను కూడా కనపడదు’ అని నిజాయితీగా చెప్పాడు. కార్డు గొడవలకు బ్రాంచి చుట్టూ తిరగడం దండగ అనే నా అభిప్రాయం ఇప్పటికీ మారలేదు.

అప్పుడు రాతపూర్వకంగా దిగాను. బ్యాంకు వెబ్‌సైటులో ఫిర్యాదుల పేజీ అడుగున, వెతికితే గానీ కనిపించని చోట, నోడల్ అధికారి, అంటే ఫిర్యాదులు చూసే పై అధికారి, ఈమెయిల్ చిరునామా ఉంటుంది. దాన్ని బ్యాంకు సొంత వెబ్‌సైటు నుంచే తీసుకోవాలి. గూగుల్‌లో వెతికితే కస్టమర్ కేర్ పేరిట మోసగాళ్ళు పెట్టిన నంబర్లు కూడా ఎదురవుతాయి. ఉత్తరంలో నా కష్టసుఖాలు ఏవీ రాయలేదు. పైన కార్డు చివరి నాలుగు అంకెలు మాత్రమే వేసి, కింద ఒక పట్టిక గీశాను: తేదీ, స్టేట్‌మెంట్‌లోని పద్దు, మొత్తం, అది ఎందుకు చెల్లదో ఒక్కో వాక్యం. జతగా ఆ రెండు స్టేట్‌మెంట్ల పేజీలు, అక్టోబరు 8 నాటి చెల్లింపు రసీదు, 2019 నాటి స్వాగత లేఖ పెట్టాను. లేఖలో రుసుము లేదని ఉన్న వాక్యం కింద పెన్సిలుతో గీత గీసి మరీ ఫోటో తీశాను.

అడిగినవి కూడా విడివిడిగా అడిగాను. లేట్ ఫీజు నిబంధనకు విరుద్ధంగా వేసినట్టు నమోదు చేసి దాని మీది పన్ను తిరిగి ఇవ్వాలని, వడ్డీ కూడా ఇవ్వాలని, కొత్త కార్డుకు నేను సమ్మతించినట్టు ఆధారం ఉంటే చూపాలని, రుసుముల్లో మార్పుకు కనీసం నెల ముందు నోటీసు ఇవ్వాలన్న నియమం ప్రకారం నాకు పంపిన నోటీసు ప్రతిని పంపాలని రాశాను. చివరగా రెండు వాక్యాలు చేర్చాను. సమ్మతి లేకుండా కార్డును అప్‌గ్రేడ్ చేసి రుసుము వేస్తే, ఆ రుసుమును వెనక్కి ఇవ్వడంతో పాటు దానికి రెట్టింపు మొత్తాన్ని పరిహారంగా చెల్లించాలని 2022 ఆదేశాల్లో ఉన్న విషయాన్ని గుర్తు చేశాను. నా కోరికల్లో దేన్నైనా తిరస్కరిస్తే, ఆ నిర్ణయాన్ని బ్యాంకు అంతర్గత అంబుడ్స్‌మన్ (తోసిపుచ్చబోయే ఫిర్యాదులను మళ్ళీ చూసేందుకు బ్యాంకే నియమించుకునే అధికారి) పరిశీలించారో లేదో జవాబులో తెలపాలని అడిగాను. ఫిర్యాదును పూర్తిగా గానీ పాక్షికంగా గానీ తోసిపుచ్చే ముందు బ్యాంకులు దాన్ని అంతర్గత అంబుడ్స్‌మన్‌కు నివేదించాల్సి ఉంటుంది. ఈ సంగతి కస్టమర్‌కు తెలుసునని బ్యాంకుకు తెలియడమే సగం బలం.

నెల తిరగక ముందే జవాబు వచ్చింది. వార్షిక రుసుమును ఈసారి జీఎస్టీతో సహా వెనక్కి వేశారు. నా సమ్మతికి ఆధారం, నోటీసు ప్రతి పంపలేదు. రెట్టింపు పరిహారం గురించి ఒక్క ముక్క లేదు. లేట్ ఫీజు మీది రూ. 171, వడ్డీ కుదరవన్నారు. మా పక్క దుకాణం పెద్దాయన, ‘నూటడెబ్బై రూపాయల కోసం ఇంత రాతకోతలా సామీ’ అని ఎగతాళి చేశాడు. ఆయన మాటా కొట్టివేయదగింది కాదు గానీ, నాకు అప్పటికే పట్టుదల పెరిగిపోయింది.

నన్ను నిజంగా ఆశ్చర్యపరిచింది ఆ తర్వాతి మెట్టు. బ్యాంకుల మీది ఫిర్యాదులను బయటి నుంచి తేల్చే రిజర్వు బ్యాంకు సమీకృత అంబుడ్స్‌మన్ పథకం 2021 నవంబరు 12న మొదలైంది. అంతకుముందులా ఏ ఊరివారు ఏ అంబుడ్స్‌మన్ కార్యాలయానికి రాయాలో వెతుక్కునే పని లేదు. దేశమంతటికీ ఒకే పోర్టల్, కాగితం మీద పంపేవారికి చండీగఢ్‌లో ఒకే చిరునామా, సందేహాలకు 14448 నంబరు, అక్కడ తెలుగులో కూడా మాట్లాడతారు. పైసా రుసుము లేదు, వకీలు అవసరం లేదు. ముందుగా బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి ఉండాలి, బ్యాంకు తిరస్కరించి ఉండాలి లేదా ముప్పై రోజులు జవాబు ఇవ్వకుండా ఉండాలి. లేకపోతే ఫిర్యాదు గడప దాటదు. నా మొదటి ఫోన్ సంభాషణలకు ఇక్కడ విలువ శూన్యం. నోడల్ అధికారికి రాసిన ఉత్తరం, దానికి వచ్చిన అరకొర జవాబు మాత్రమే పనికొచ్చాయి. అదే పట్టికను, అవే జతలను మళ్ళీ ఎక్కించాను.

అంతవరకూ ఏ నంబరుకు చేసినా దొరకని ‘పైవాళ్ళు’ తమంతట తామే ఫోన్ చేశారు. అంబుడ్స్‌మన్ కార్యాలయం అడిగితే బ్యాంకు పదిహేను రోజుల్లోగా లిఖితపూర్వకంగా సమాధానం చెప్పుకోవాలి మరి. ఫోన్ చేసిన ఆయన నా పట్టికను ముందు పెట్టుకునే మాట్లాడాడు, మాఫీ ప్రసక్తే తేలేదు. లేట్ ఫీజు మీది జీఎస్టీ ఇస్తామన్నాడు, రూ. 499కి రెట్టింపుగా రూ. 998 పరిహారం ఇస్తామన్నాడు. వడ్డీ దగ్గర మాత్రం బిగుసుకున్నాడు: మూడు రోజుల నిబంధన జరిమానా గురించే గానీ మామూలు వడ్డీ గురించి కాదని, డబ్బు తమకు చేరిన తేదీయే తాము చూస్తామని ఆయన వాదన. ఆ వాదనలో కొంత పస ఉందని నాకూ అనిపించింది. రసీదు తేదీ పట్టుకుని ఇంకా లాగవచ్చునేమో గానీ, వడ్డీ వదులుకుని రాజీకి ఒప్పుకున్నాను. పరిహారం లెక్కలో పన్ను కలపకపోవడం గురించీ మళ్ళీ తగువు పెట్టుకోలేదు. తర్వాతి స్టేట్‌మెంట్‌లో రూ. 171, రూ. 998 వేర్వేరు పద్దులుగా పడ్డాయి. గుడ్‌విల్ మాఫీగా పుచ్చుకుని ఊరుకుంటే ఆ రెండో పద్దుకు దారే ఉండేది కాదు.

ఇంత చెప్పినా, ప్రతి ఒక్కరూ ఇదే దారి పట్టాలని నేను అనలేను. లెక్కలు రాసుకునే వృత్తి కాబట్టి స్టేట్‌మెంటును వరుస వెంట వరుస చదవడం నాకు అలవాటు, 2019 నాటి లేఖ ఫైలులో దొరికింది, మధ్యాహ్నం బేరాలు లేని వేళ కంప్యూటర్ ముందు కూర్చునే వీలు ఉంది. ఇవేవీ లేనివారికి, పడింది ఒక్క చిన్న రుసుమే అయితే, ఫోనే చాలు. కాకపోతే అదే ఫోన్‌లో జీఎస్టీ కూడా అడగాలి, ఫిర్యాదు సంఖ్య తీసుకోవాలి, మాఫీగా కాక తప్పుడు రుసుము సవరణగా నమోదు చేయమనాలి. వారు ఒప్పుకుంటారన్న హామీ లేదు. నా విషయంలో సమ్మతి లేని అప్‌గ్రేడ్ అనే గట్టి అంశం ఉండబట్టే బ్యాంకు అంత త్వరగా దిగివచ్చిందనీ అనుకుంటున్నాను. ఒట్టి లేట్ ఫీజు మీది పన్ను కోసమే వెళ్ళి ఉంటే ఏమయ్యేదో చెప్పలేను.

ఆ కొత్త కార్డును యాప్‌లోనే మూసివేయమని కోరాను. బకాయి లేనప్పుడు ఏడు పనిదినాల్లో మూయకపోతే రోజుకు రూ. 500 చొప్పున బ్యాంకు చెల్లించుకోవాలి కనుక, అది గడువులోపే మూసుకుపోయింది. పాతదాన్ని మాత్రం ఉంచుకున్నాను. నా క్రెడిట్ చరిత్రలో అన్నిటికంటే పాత ఖాతా అదే, పైగా వాడకంలో దానికి వంక పెట్టడానికి లేదు. బిల్లును మాత్రం గడువుకు నాలుగు రోజుల ముందే కట్టేస్తున్నాను.