కడప నీళ్లలో నాలుగున్నరేళ్ల జుట్టు

2021 ఫిబ్రవరిలో తిరుమల కల్యాణకట్టలో తలనీలాలు ఇచ్చి వచ్చాను. అది మా అమ్మ మొక్కు. ఆ గుండు మీద వచ్చే జుట్టును ఇక పొట్టిగా కత్తిరించకూడదని, కడపకు తిరిగొస్తూ బస్సులోనే అనుకున్నాను. నాలుగున్నరేళ్లు దాటింది. ఇప్పుడు నడినెత్తి నుంచి కొలిస్తే 49 సెంటీమీటర్లు. విప్పితే భుజాలు దాటి వీపు మీద పడుతుంది. సున్నా నుంచి మొదలైంది కాబట్టి నా దగ్గర లెక్క సరిగ్గా ఉంది. నెలకు దాదాపు 1.2 సెంటీమీటర్లు పెరిగింది. రెండో ఏడాది నుంచి నాలుగైదు నెలలకోసారి కొనలు కొద్దిగా తీయించడంలో, ఒకసారి సెలూన్‌లో పొరపాటున పోయినదానితో కలిపి మొత్తం ఓ జానెడు పోయింది.

ఎందుకు పెంచుతున్నావని అడిగేవాళ్లకు నా జవాబు ఒకటే. నాకు ఇష్టం. మన ఊళ్లలో మగవాళ్లు సిగ పెట్టుకోవడం కొత్తేమీ కాదు. మా జేజి (నాయనమ్మ) వాళ్ల మామకు సిగ ఉండేదట, ఆయన పొలం నుంచి వచ్చి బావి దగ్గర సిగ విప్పి తలకు పోసుకోవడం తను చూశానని చెబుతుంది.

మగవాళ్లకు పొడుగు జుట్టు అంటే జనం మాటలే పెద్ద ఇబ్బంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. నా అనుభవంలో జనం ఏడాదికి అలవాటు పడ్డారు. నీళ్లు మాత్రం ఇప్పటికీ అలవాటు పడలేదు.

మా ఇల్లు బోరు నీళ్ల మీదే నడుస్తుంది. మున్సిపల్ కుళాయి మా వీధికి ఎప్పుడు వస్తుందో, ఎంతసేపు వస్తుందో నమ్మకం లేదు. కడప చుట్టూ భూమిలో ఉన్నది సున్నపురాయి, నాపరాయి. ఎర్రగుంట్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలు, పాలిష్ బండల యూనిట్లు అన్నీ ఆ రాయి వల్లే వచ్చాయి. ఆ రాతి పొరల్లోంచి ఊరిన నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువగా కరిగి ఉంటాయి. హీటరు రాడ్డు మీద సున్నంలా పేరుకునేది, బకెట్ అంచున పట్టే తెల్ల గార, అవే. గుండు ఉన్నంత కాలం ఒంటి సబ్బుతోనే తల కూడా రుద్దుకునేవాణ్ణి. ఏమీ తెలియలేదు. జుట్టు చెవులు దాటాక తెలిసింది. సబ్బు ఈ నీళ్లలోని కాల్షియంతో కలిసి జిగురు తెట్టులా మారుతుంది. అది నీళ్లలో కరగదు, వెంట్రుకకు అంటుకుని ఉండిపోతుంది. తలకు పోసుకున్న గంటకే జుట్టు కొబ్బరి పీచులా గరుకుగా, అంటుకున్నట్టు తయారయ్యేది. దువ్వెన పెడితే సగంలో ఆగిపోయేది. తప్పు జుట్టుదని ఏడాది పాటు నూనెలు మార్చాను.

తర్వాత నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు ఒకటి కొన్నాను. మా బోరు నీళ్లకు లీటరుకు 1,150 మిల్లీగ్రాములు చూపించింది. తాగే నీళ్లకు భారతీయ ప్రమాణం 500, వేరే దారి లేకపోతే 2,000 దాకా ఒప్పుకుంటారు. అయితే టీడీఎస్ అంటే కరిగిన లవణాలన్నీ కలిపి. కఠినత్వం వేరే కొలత, అది కాల్షియం, మెగ్నీషియం ఎంత ఉన్నాయో చెబుతుంది. దానికి తాగునీటి ప్రమాణం లీటరుకు 200 మిల్లీగ్రాములు, వేరే దారి లేనప్పుడు 600. రంగు మారే కాగితపు పట్టీతో చూస్తే మా నీళ్లు ఆ రెండో అంకె దగ్గరలోనే ఉన్నాయి. ఆ రోజు నుంచి నూనెలు మార్చడం మానేసి నీళ్ల సంగతి చూసుకున్నాను.

ఇప్పుడు నేను చేసేది చెప్తాను. బోరు నీళ్లతోనే తలకు పోసుకుంటాను, ఒంటి సబ్బు మాత్రం జుట్టుకు తగలనివ్వను. చివరి రెండు మగ్గులు మా వీధిలోని వాటర్ ప్లాంటు నుంచి తెచ్చిన క్యాను నీళ్లు. మొదటి మగ్గులో సగం నిమ్మచెక్క పిండి, జుట్టంతా తడిసేలా పోసి, ఒక నిమిషం ఆగి, రెండో మగ్గు ఉట్టి క్యాను నీళ్లతో కడిగేస్తాను. నిమ్మరసంలోని పులుపు ఆ గారను కొంత వదిలిస్తుంది, వెంట్రుక నున్నగా అవుతుంది. నిమ్మరసం తలలో వదిలేసి ఎండలోకి వెళ్లకండి, చర్మం మంట పుడుతుంది. నెలకొకసారి ఈడీటీఏ ఉన్న షాంపూ వాడతాను. సీసా వెనుక చిన్న అక్షరాల్లో ఉంటుంది, చూసి కొనండి. అది కాల్షియాన్ని పట్టుకుని నీళ్లతోపాటు తీసుకుపోతుంది. ఇంకో మాట. ఇంట్లో ఆర్వో ఫిల్టరు ఉన్నవాళ్లు దాని నుంచి పక్కకు పోయే నీళ్లను వృథా ఎందుకని బాత్రూంలోకి మళ్లిస్తుంటారు. ఆ నీళ్లలో లవణాలు బోరు నీళ్లకంటే ఎక్కువ. నేల కడగడానికి వాడండి, తలకు వద్దు. నేను రెండు నెలలు అదే పొరపాటు చేశాను.

వాన పడితే మాత్రం నాకు పండగే. మేడ మీద రెండు డ్రమ్ములు శుభ్రంగా కడిగి పెట్టాను. మొదటి వాన నీళ్లు వదిలేసి, రెండో వాన నుంచి పట్టుకుంటాను. ఆ నీళ్లతో తలకు పోసుకున్న రోజు జుట్టు ఎలా ఉంటుందో మాటల్లో చెప్పలేను. నా జుట్టు స్వభావం అసలు ఇదేనని మొదటిసారి తెలిసినప్పుడు చాలా సంతోషపడ్డాను.

నీళ్ల తర్వాత చెప్పాల్సింది మా జేజి గురించి. ఆడపిల్లలకు ఐదేళ్ల వయసు నుంచి అమ్మో అక్కో తల దువ్వుతూ అన్నీ నేర్పిస్తారు. మగవాడికి ఆ చదువు ఉండదు. ఇరవై ఏడేళ్ల వయసులో నాకు చిక్కు తీసుకోవడం రాదు. నెత్తి మీద దువ్వెన పెట్టి బలంగా కిందికి లాగేవాణ్ణి. అది చూసి జేజి దువ్వెన లాక్కుంది. "అట్ల పీకుతావేంది రా నాయనా! కొనల కాణ్ణుంచి మొదలుపెట్టి పైకి రావల్ల" అంది. కొనలు నాలుగు వేళ్ల మేర చిక్కు తీసి, ఇంకో నాలుగు వేళ్లు పైకి, అలా కుదురు దాకా. తడి జుట్టుకు దువ్వెన పెట్టొద్దు, తడి వెంట్రుక సాగి తెగుతుంది. ముందు గుడ్డతో అద్దాలి, రుద్దకూడదు. పాత నూలు పంచె గుడ్డ దానికి మేలు. టర్కీ టవలు గరుకు. రాత్రి వదులుగా జడ వేసుకుని పడుకోవాలి. ఈ జడ నాకు నేనే వేసుకోవడానికి మూడు వారాలు పట్టింది. ఇంట్లో ఆడవాళ్లను అడగడానికి మొదట్లో మొహమాటపడ్డాను. అడగండి. వాళ్లు ఎంత ఓపికగా నేర్పిస్తారో.

కుంకుడుకాయ కూడా జేజి చెప్పిందే. మా బోరు నీళ్లలో సబ్బు విరిగిపోతుంది గానీ కుంకుడు రసం నురగ ఇస్తుంది. పదిహేను కాయలు కొట్టి, గింజ తీసి, రాత్రి వేడి నీళ్లలో నానబెడితే నా జుట్టుకు ఒకసారికి సరిపోతుంది. కళ్లలో పడితే చాలా మంట, తల వెనక్కి వంచి పోసుకోవాలి. ఒక్కటే ఇబ్బంది, వారానికి రెండుసార్లు అదే వాడితే జుట్టు బాగా ఎండినట్టు అవుతుంది. అందుకే ఒకసారి కుంకుడు, ఒకసారి షాంపూ.

జేజి చెప్పినవన్నీ నాకు పనికిరాలేదు, అదీ చెప్పాలి. నూనె పెట్టి రెండు రోజులు ఉంచుకోమనేది. మా ఎండకు, చెమటకు, హెల్మెట్‌కు అది కుదరలేదు. చుండ్రు పట్టింది. చర్మ డాక్టరు దగ్గరికి వెళ్తే, చుండ్రుకు కారణమైన ఫంగస్ నూనె మీదే బతుకుతుందని చెప్పి, 2 శాతం కీటోకొనజోల్ షాంపూ వారానికి రెండుసార్లు, నాలుగు వారాలు వాడమన్నారు. నురగను కడగకముందు మూడు నుంచి ఐదు నిమిషాలు ఉంచాలి. తగ్గింది. ఇప్పుడు కొబ్బరి నూనె తలకు పోసుకునే ముందు రెండు గంటలు మాత్రమే, అదీ ఎక్కువగా పొడవుకే, కుదుళ్లకు కాదు. కొబ్బరి నూనె వెంట్రుక లోపలికి ఇంకుతుంది, తడిసినప్పుడు వెంట్రుక మరీ ఉబ్బి దెబ్బతినకుండా కాపాడుతుంది. నూనె వల్ల జుట్టు త్వరగా పెరుగుతుందని మాత్రం నేను నమ్మను. నెల నెలా కొలిచాను, ఏ నూనె రాసినా అంకె మారలేదు.

ఇక ఐదో నెల నుంచి పదిహేనో నెల దాకా గడిచిన కాలం. పెంచాలనుకునే చాలామంది అక్కడే ఆగిపోతారు. ముడి పడదు, దువ్వితే నిలవదు, చెవుల మీద పొంగుతుంది, కళ్లలో పడుతుంది. అద్దంలో చూసుకున్నప్పుడు రోజూ కత్తెర గుర్తొస్తుంది. ఆ పది నెలలూ నుదుటి మీదుగా గుడ్డ పట్టీ కట్టుకుని పని చేశాను. మెడ మీద వెంట్రుకలు పైవాటికంటే ముందు కిందికి దిగుతాయి కాబట్టి వాటిని మాత్రం రెండు నెలలకోసారి తీయించాలి. అక్కడే నాకు దెబ్బ తగిలింది. మా వీధిలో నాకు తెలిసిన షాపు మూసి ఉందని వేరే సెలూన్‌కు వెళ్లాను. మెడ దగ్గర మాత్రమే అని చెప్పి కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి పైన నాలుగు వేళ్ల మేర లేదు. ఆరు నెలల పెరుగుదల నేల మీద ఉంది. వాళ్లకు చెడ్డ ఉద్దేశం లేదు, మగవాడి తల అంటే చేతులు అలవాటుగా అలాగే పోతాయి. ఇంటికొచ్చి ఆ రాత్రి అన్నం తినలేకపోయాను. అప్పటి నుంచి కుర్చీలో కూర్చోకముందే పొడి జుట్టు మీద వేళ్లతో కొలిచి చూపిస్తాను, అద్దంలోంచి చూపు తిప్పను.

నేను రోజూ బైకు మీద ఎర్రగుంట్లకు వెళ్లి వస్తాను. ఒక వైపు సుమారు 40 కిలోమీటర్లు. బండల పాలిష్ యూనిట్‌లో లెక్కలు చూస్తాను. కూర్చునేది ఆఫీసు గదిలోనే అయినా సాయంత్రానికి తలలో రాతిపొడి ఉంటుంది. హెల్మెట్ లేకుండా వెళ్లే ప్రశ్నే లేదు. నడినెత్తిన ముడి వేస్తే హెల్మెట్ సరిగ్గా దిగదు, అది ప్రమాదం. ముడి మెడ వంపు దగ్గర కిందికి వేసుకోవాలి, లేదా వదులు జడ వేసి చొక్కా లోపలికి తోసుకోవాలి. హెల్మెట్ లోపల పలుచని నూలు గుడ్డ కట్టుకుని రోజూ ఉతుక్కుంటాను. పొద్దున తలకు పోసుకుని తడి జుట్టు మీద హెల్మెట్ పెట్టుకునేవాణ్ణి మొదట్లో. వాసన, దురద, తెగిన వెంట్రుకలు. ఇప్పుడు తలస్నానం సాయంత్రానికే. మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు మెడ మీద జుట్టు దుప్పటిలా ఉంటుంది, అది నిజం. ఎండాకాలం రెండు నెలలూ పూర్తిగా ముడిలోనే ఉంచుతాను.

ముడి బిగించి వేసుకుంటే ఇంకో సమస్య. ఒక ఏడాది గట్టిగా లాగి కట్టాను, నుదుటి అంచున వెంట్రుకలు పలచబడడం మొదలైంది. రోజూ అదే చోట లాగితే కుదుళ్లు పాడవుతాయి, మరీ ఆలస్యమైతే తిరిగి రావు. తలనొప్పి వచ్చిందంటే ముడి బిగువు ఎక్కువైనట్టే. వట్టి రబ్బరు బ్యాండు అసలు వద్దు. ఏడు రోడ్ల సర్కిల్ దగ్గర ఫ్యాన్సీ షాపులో గుడ్డ చుట్టిన బ్యాండ్లు అడిగితే "పాపకా అన్నా?" అని అడిగారు. నాకే అని చెప్పాను. మంచివి ఏరి ఇచ్చారు.

2023 చివర్లో డెంగీ వచ్చింది. జ్వరం తగ్గింది, అంతా బాగుందనుకున్న రెండున్నర నెలలకు జుట్టు పిడికిళ్లతో రావడం మొదలైంది. మామూలుగా రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం సహజం. వారానికి రెండుసార్లే తలకు పోసుకునే పొడుగు జుట్టులో అవన్నీ ఒకేసారి చేతికొస్తాయి కాబట్టి ఎక్కువగా కనిపిస్తాయి. కానీ ఇది అలాంటిది కాదు. దిండు మీద, అన్నం కంచం దగ్గర, హెల్మెట్‌లో, అన్నిచోట్లా. చాలా టెన్షన్ పడ్డాను. పెద్ద జ్వరం తర్వాత శరీరం చాలా కుదుళ్లను ఒకేసారి విశ్రాంతి దశలోకి పంపిస్తుందని, అవి రెండు మూడు నెలలకు రాలతాయని, కుదురు చావలేదు కాబట్టి తిరిగి వస్తాయని డాక్టరు చెప్పారు. రక్తపరీక్షలో ఐరన్ తక్కువుంటే మాత్రలిచ్చారు. వేసవికల్లా నుదుటి దగ్గర చిన్న చిన్న కొత్త వెంట్రుకలు నిలబడి కనిపించాయి. ఆ మూడు నెలల్లో కత్తిరించేయమని అందరూ చెప్పారు. కత్తిరించినంత మాత్రాన రాలడం ఆగదు. రాలేది కుదురు దగ్గర.

జనం సంగతి క్లుప్తంగానే చెప్తాను. కార్తీకంలో మాల వేసుకున్నావా అని, మిగతా నెలల్లో "ఏమబ్బీ, మొక్కేమన్నా ఉండాదా?" అని అడుగుతారు. ఉగాదికి దేవుని కడప గుడి క్యూలో ఇప్పటికీ ఎవరో ఒకరు అడుగుతారు. అందులో చెడు లేదు, మన దగ్గర మగవాడి జుట్టుకు తెలిసిన కారణం అదొక్కటే. ఒక ప్రైవేటు కంపెనీ ఇంటర్వ్యూలో మాత్రం పని గురించి రెండు ప్రశ్నలు, జుట్టు గురించి ఐదు ప్రశ్నలు అడిగారు. ఆ ఉద్యోగం రాలేదు. బాధపడ్డాను, కానీ శుభ్రంగా దువ్వి, ముడి వేసుకుని, ఇస్త్రీ చొక్కాతో వెళ్లిన మనిషిలో వాళ్లకు ఏం లోటు కనబడిందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. మా నాయన ఏడాదిన్నర ఏమీ మాట్లాడలేదు. డెంగీ తర్వాత ఒకరోజు వాన నీళ్ల డ్రమ్ముకు మూత తనే చేయించి తెచ్చాడు.

మా వీధిలో డిగ్రీ చదివే కుర్రాడు ఒకడు ఈ ఏడాది పెంచడం మొదలుపెట్టాడు. అతనికిప్పుడు తొమ్మిదో నెల. గుడ్డ పట్టీ ఎలా కట్టుకోవాలో చూపించాను, నా పాత చిక్కుదువ్వెన ఇచ్చాను. వాళ్ల ఇంట్లోనూ బోరు నీళ్లే. ఆదివారం ఆదివారం ఒక సీసా పట్టుకుని వచ్చి, మా క్యానులోంచి రెండు మగ్గుల నీళ్లు పట్టుకెళ్తున్నాడు.