గినీ పిగ్ న్యుమోనియాకు ఎన్రోఫ్లాక్సాసిన్: మాత్ర, సిరప్, కోళ్ళ మందులలో ఏది మేలు?

ఎన్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మన పశువుల మందుల దుకాణాలలో ప్రధానంగా నాలుగు రూపాలలో దొరుకుతుంది: కుక్కలకూ పిల్లులకూ ఇచ్చే మాత్రలు, తాగించే సిరప్, కోళ్ళఫారాలవారు నీళ్ళలో కలిపి వాడే పది శాతం ద్రావణం, ఇంజెక్షన్. బ్రిటన్‌లో బేట్రిల్ పేరుతో వచ్చే 2.5 శాతం ద్రావణానికి చిన్న పెంపుడు జంతువులలో వాడేందుకు అనుమతి ఉంది కానీ, హైదరాబాదులో నేను చూసిన సీసాలలో గినీ పిగ్ ప్రస్తావన ఉన్నది ఒక్కటీ లేదు. మా ఇంటి ఆడ గినీ పిగ్‌కు ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్ సోకినప్పుడు డాక్టరు గారు ఈ మందునే రాశారు. మందు ఒకటే అయినా రూపాన్ని బట్టి దాని వాడకం ఎంతగా మారిపోతుందో వివరించడానికే ఈ సమీక్ష.

ఈ మందునే ఎందుకు రాస్తారో ముందు చెప్పాలి. గినీ పిగ్‌లలో న్యుమోనియాకు ఎక్కువగా కారణమయ్యే బాక్టీరియాలు బోర్డెటెల్లా బ్రాంకిసెప్టికా, స్ట్రెప్టోకాకస్ న్యుమోనియే. వీటిలో మొదటిది కుందేళ్ళలోనూ కుక్కలలోనూ పెద్దగా జబ్బు చేయకుండానే ఉండిపోగలదు కాబట్టి, ఆ జంతువులతో ఒకే గదిలో పెంచడం మంచిది కాదు. ఇక మందు విషయానికి వస్తే, జలుబు చేసిన పసిపిల్లలకు మనం అలవాటుగా పట్టే అమాక్సిసిలిన్ సిరప్ ఈ జంతువుకు ప్రాణాంతకం. పెన్సిలిన్, ఆంపిసిలిన్, క్లిండామైసిన్, నోటి ద్వారా ఇచ్చే ఎరిత్రోమైసిన్ వంటివి దాని పేగులలోని మేలు చేసే సూక్ష్మజీవులను చంపివేయడంతో, క్లాస్ట్రిడియం జాతి బాక్టీరియా విజృంభించి విడుదల చేసే విషం వల్ల కొద్ది రోజులలోనే జంతువు చనిపోవచ్చు. ఎన్రోఫ్లాక్సాసిన్ పేగులలోని ఆ సూక్ష్మజీవుల జోలికి అంతగా వెళ్ళదు; బోర్డెటెల్లా మీద బాగా పనిచేస్తుంది. మందుల షాపులో ఎవరైనా “చిన్నపిల్లల సిరప్ ఒక చుక్క వేయండి, ఏమీ కాదు” అంటే, దయచేసి ఆ సలహాను అక్కడే వదిలి రండి.

అన్నిటికంటే చవకగా, తేలికగా దొరికేది కోళ్ళ మందు. కోళ్ళ పరిశ్రమ ఇంతగా విస్తరించిన తెలుగు జిల్లాలలో దీన్ని అమ్మే దుకాణం లేని పట్టణం అరుదు. గినీ పిగ్ విషయంలో మాత్రం దీనికి నేను మార్కులు వేయలేను. పది శాతం అంటే ఒక మిల్లీలీటరులో 100 మిల్లీగ్రాముల మందు ఉందని అర్థం. తొమ్మిది వందల గ్రాముల జంతువుకు కిలోకు 10 మిల్లీగ్రాముల చొప్పున పూటకు కావలసింది 9 మిల్లీగ్రాములు, అంటే ఈ ద్రావణంలో 0.09 మిల్లీలీటరు. అంత తక్కువ పరిమాణాన్ని ఇంట్లో కొలిచేటప్పుడు ఒక్క గీత తేడా వచ్చినా మోతాదు బాగా మారిపోతుంది. పైగా, తాగునీటిలో బాగా పలచబరచి వాడవలసిన ఈ ద్రావణానికి క్షారగుణం ఎక్కువ కనుక, నేరుగా నోట్లో వేస్తే లోపలి పొర దెబ్బతింటుంది. తొట్టి నీళ్ళలో కలిపిపెట్టడమూ పరిష్కారం కాదు: జబ్బుపడిన గినీ పిగ్ నీళ్ళు సరిగా తాగదు, నీళ్ళు చేదెక్కితే అసలే తాగదు.

మాత్ర కొంత నయం. 50 మిల్లీగ్రాముల మాత్రను మెత్తగా నూరి, డాక్టరు చెప్పిన కొలతలో ద్రవం కలిపితే పని జరుగుతుంది కానీ, పొడి అడుగుకు చేరిపోతుంది; ప్రతిసారీ బాగా కుదిపితే తప్ప మొదటి రోజుల మోతాదు పలచగా, చివరి రోజుల మోతాదు చిక్కగా తయారవుతుంది. చేదు కూడా దీనిలోనే ఎక్కువ.

మాకు బాగా అనుకూలించింది మిల్లీలీటరుకు 25 మిల్లీగ్రాములుండే సిరప్. పైన చెప్పిన లెక్క ప్రకారమే పూటకు 0.36 మిల్లీలీటరు వస్తుంది. దాన్ని హాయిగా కొలవవచ్చు. మోతాదునూ, ఎన్ని రోజులు వాడాలన్న సంగతినీ డాక్టరే నిర్ణయించాలి. సాధారణంగా కిలోకు 5 నుంచి 10 మిల్లీగ్రాముల మధ్య, పన్నెండు గంటలకొకసారి, రెండు వారాల వరకూ, ఒక్కోసారి అంతకు మించి రాస్తారు. కొలవడానికి ఇన్సులిన్ సిరంజి వాడకండి. దాని మీది గీతలు యూనిట్లను సూచిస్తాయి. మన దగ్గర దొరికే యు-40 రకంలో 40 యూనిట్లు కలిస్తేనే ఒక మిల్లీలీటరు. మిల్లీలీటరులో నూరవ వంతు వరకూ గీతలుండే ఒక మిల్లీలీటరు సిరంజిని, సూది లేకుండా, అడిగి తీసుకోవాలి. దాని కొనను ముందుపళ్ళ పక్కనున్న ఖాళీలోంచి చెంపవైపుకు పెట్టి కొద్దికొద్దిగా వదలాలే తప్ప, తల వెనక్కి వంచి గొంతులోకి చిమ్మకూడదు. అసలే ఊపిరాడని జంతువుకు మందు ఊపిరితిత్తులలోకి పోతే జబ్బు రెట్టింపవుతుంది.

ఇంజెక్షన్ గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. తొలి మోతాదుగా క్లినిక్‌లో వేస్తే వేయవచ్చు కానీ, పదేపదే వేస్తే ఆ చోట చర్మం, కండ పుండుపడే ప్రమాదం ఉంది.

సిరప్ మొదలుపెట్టిన రెండు మూడు రోజులలో ముక్కు కారడం తగ్గింది, డొక్కలు ఎగరేస్తూ ఊపిరి పీల్చడం నెమ్మదించింది. అయితే ఆ ఘనతంతా మందుదే అనడం అన్యాయం. గినీ పిగ్ ఒక పూటంతా ఏమీ తినకపోతే దాని పేగులు నిలిచిపోవడం మొదలవుతుంది కాబట్టి, గడ్డితో చేసిన ఆక్స్‌బో కంపెనీ క్రిటికల్ కేర్ పొడిని నీళ్ళలో కలిపి రాత్రింబగళ్ళు సిరంజితో తినిపించవలసి వచ్చింది. వంటింటి డిజిటల్ త్రాసు మీద రోజూ ఒకే వేళకు బరువు చూడడమే పరిస్థితిని తెలిపే నమ్మకమైన సాధనం. మనలాగే ఈ జంతువు కూడా విటమిన్ సిని తన శరీరంలో తయారుచేసుకోలేదు. కాప్సికం, జామ ముక్క, కొత్తిమీర పెడుతూ, విడిగా చుక్కల మందు కూడా ఇచ్చాము. కాల్షియం మందులు ఎన్రోఫ్లాక్సాసిన్ ఒంటబట్టడాన్ని అడ్డుకుంటాయి కనుక, అవి వాడుతుంటే డాక్టరుకు ముందే చెప్పి వేళలు మార్చుకోవాలి.

ధర పరంగా సిరప్ కోళ్ళ మందు కంటే ప్రియమే. అయినా పూటకు అర మిల్లీలీటరు కూడా పట్టని జంతువుకు ఒక చిన్న సీసా కోర్సంతా సరిపోయింది కనుక, ఆ తేడాను నేను లెక్కచేయను. ఐదుకు నాలుగు మార్కులు వేస్తాను. తగ్గించిన ఆ ఒక్క మార్కు చేదుకూ, సీసాతోపాటు ఇచ్చే పెద్ద కొలమూతకూ; ఆ మూత కుక్కలకు పనికొస్తుందేమో గానీ మనకు దండగ.

స్ట్రెప్టోకాకస్ మీద ఈ మందు ప్రభావం అంతంతమాత్రం. మూడు రోజులైనా మార్పు లేకపోతే, మోతాదు మీరే పెంచకుండా ఎక్స్‌రే తీయించండి. గుండెజబ్బు వల్ల కూడా ఇలాగే ఆయాసం వస్తుంది. అవసరమైతే డాక్టరు ట్రైమెతోప్రిమ్-సల్ఫా గానీ డాక్సీసైక్లిన్ గానీ రాస్తారు. ఎదుగుతున్న కూనలకు మాత్రం ఈ సిరప్ అడగకండి, ఎందుకంటే ఈ తరగతి మందులు కీళ్ళలోని మృదులాస్థిని దెబ్బతీయగలవు. నోరు తెరిచి ఊపిరి పీలుస్తున్న గినీ పిగ్‌కు ముందు కావలసింది ఆక్సిజన్. అటువంటప్పుడు దుకాణానికి కాకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్ళండి.