జలాశయం ఒడ్డున చెక్కగదిలో మడత మంచం, దోమతెర: కొన్నేళ్ల వాడకం తర్వాత

విజయనగరం నుంచి గంట్యాడ మీదుగా తాటిపూడి వైపు గానీ, శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాటు వైపు గానీ వెళ్ళి, అడవి అంచున చెక్కగదుల్లో ఒకటి రెండు రాత్రులు గడపాలనుకునే కుటుంబాలు సాధారణంగా ఫొటోలు చూసి, కిటికీలోంచి నీళ్ళు కనిపిస్తాయా లేదా అని అడిగి డబ్బు కట్టేస్తాయి. గదిలో ఎందరికి మంచాలున్నాయో, మిగిలినవారు ఎక్కడ పడుకోవాలో అడిగేవారు తక్కువ. ఇద్దరికి సరిపడే మంచం ఒకటి వేసి, అదనంగా వచ్చినవారికి నేల మీద పరుపులు పరచడం నేను తరచుగా చూసిన పద్ధతి. మోకాళ్ళ నొప్పి వల్ల నేల మీంచి లేవడం నాన్నగారికి కష్టం కాబట్టి, మేము అల్యూమినియం గొట్టాల మడత మంచాలు రెండు, వాటికి సరిపోయే దోమతెరలు కొని, అప్పటినుంచి అన్ని కాలాల్లోనూ వెంట తీసుకెళ్తున్నాం. మంచం కూడా మోసుకెళ్ళేవారు ఇంట్లోనే పడుకోవచ్చు కదా అని మా బావగారు మొదట్లో ఆటపట్టించారు గానీ, ఇప్పుడు ప్రయాణం అనగానే ముందు వాటినే అరువు అడుగుతున్నారు.

నేలకు ఎత్తుగా పడుకోవడం ఈ ప్రాంతంలో కేవలం సుఖానికి సంబంధించిన విషయం కాదు. కట్లపాము రాత్రివేళ తిరుగుతుంది, ఆహారం వెతుక్కుంటూ గదుల్లోకి వస్తుంది, దాని కాటు నిద్రలేపనంత స్వల్పంగా కూడా ఉండవచ్చు. నేల మీద పడుకుని కాటుకు గురైనవారు తెల్లవారుజామున కడుపునొప్పితోనో, కనురెప్పలు వాలిపోతూనో లేవడం వైద్యులకు బాగా తెలిసిన లక్షణం. మంచం మీద పడుకుని, తెర అంచులను పరుపు కిందకు దోపుకుంటే ఆ ప్రమాదం చాలావరకు తగ్గుతుంది. అయినా శృంగవరపుకోటలోనో విజయనగరంలోనో ఉన్న ప్రభుత్వాసుపత్రికి ఎంతసేపట్లో చేరగలమో ముందే చూసుకోవాలి. పడవలో అవతలి ఒడ్డుకు చేర్చే వసతి అయితే, చీకటి పడ్డాక అవసరం వస్తే పడవ నడుపుతారా అన్నది డబ్బు కట్టకముందే అడగవలసిన ప్రశ్న.

ఇక మంచం సంగతి. మా దగ్గరున్నది ఆరు కిలోలకు కాస్త ఎక్కువ తూగుతుంది. కాళ్ళు కత్తెర ఆకారంలో విచ్చుకుంటాయి. తలవైపు, కాళ్ళవైపు అడ్డగొట్టాలను గుడ్డ మడతలోకి దూర్చి బిగించాలి. గుడ్డ కొత్తగా ఉన్నప్పుడు రెండో అడ్డగొట్టం బిగించడానికి ఇద్దరు మనుషులు కావలసివచ్చేది, ఇప్పుడు అది సాగిపోయింది కాబట్టి ఒక్కరే బిగించవచ్చు. అలా సాగడం వల్లనే నడుము దగ్గర కుంగి, పక్కకు తిరిగి పడుకునేవారికి ఇబ్బందిగా మారింది. మా అమ్మగారి నవారు మంచంలో ఈ చిక్కు లేదు, నవారు వదులైతే మళ్ళీ లాగి కట్టుకుంటారు. ఫ్యాక్టరీలో కుట్టిన గుడ్డకు ఆ అవకాశం లేదు. గొట్టాలు మాత్రం ఎక్కడా వంగలేదు. కాళ్ళ చివరి ప్లాస్టిక్ తొడుగులు మొదటి ఏడాదిలోనే అరిగిపోయి, లోహం చెక్క నేలను గీకడం మొదలుపెట్టింది. మందుల దుకాణంలో చేతికర్రలకు అమ్మే రబ్బరు బుష్‌లు తొడిగాక గీతలూ పడలేదు, అర్ధరాత్రి ఎవరైనా కదిలితే వచ్చే కీచు శబ్దమూ తగ్గింది.

కొనేవారికి ఎవరూ చెప్పని లోపం ఒకటుంది. మడత మంచం కింద గాలి ఆడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో కరెంటు పోయిన రాత్రి ఇది వరమే గానీ, డిసెంబరులో అదే గాలి వీపు కింది నుంచి వేడిని లాగేస్తుంది. పైన రెండు దుప్పట్లు కప్పుకున్నా ప్రయోజనం ఉండదు, ఎందుకంటే చలి వచ్చేది కింది నుంచి. పాత చీరలతో కుట్టిన బొంతను మంచం మీద పరచుకుని, దాని మీద పడుకుంటే చాలు. అరకు వైపు కొండల మీదకు వెళ్ళేవారికి, అక్కడ చలికాలంలో పది డిగ్రీల లోపుకు పడిపోయే రాత్రులుంటాయి కాబట్టి, బొంత కింద తుంగచాప కూడా వేసుకోమంటాను.

దోమతెర విషయంలో మంచం కన్నా ఎక్కువ జాగ్రత్త అవసరం. చెక్కగదుల గోడలకు మేకులు కొట్టనివ్వరు, తాళ్ళు కట్టడానికి కొక్కేలు ఉండవు, అందువల్ల నాలుగు మూలలా వేలాడదీసే ఇంటి తెర అక్కడ సంచిలోనే ఉండిపోతుంది. మంచం కాళ్ళకే బిగించుకునే చువ్వల తెర తీసుకోవాలి. చదరపు అంగుళానికి 156 రంధ్రాలుండే అల్లిక దోమలకు సరిపోతుంది. అంతకన్నా చిక్కనిది కొంటే లోపల ఉక్కపోస్తుంది. వెడల్పు మాత్రం తగ్గకూడదు, ఎందుకంటే నిద్రలో మోచెయ్యి తెరకు ఆనుకుంటే దోమ బయటి నుంచే కుడుతుంది. మలేరియాను వ్యాపింపజేసే దోమల్లో ఒక జాతి మన కొండవాగుల నెమ్మదైన పారుదలలోనే పెరుగుతుంది కాబట్టి, మురుగు కనిపించలేదు, దోమలుండవు అనే ధీమా ఇక్కడ పనికిరాదు. మందు దట్టించిన తెరలు దాదాపు ఇరవై ఉతుకుల దాకా పనిచేస్తాయి, తర్వాత మామూలు తెరలే. మా తెరకున్న ఫైబర్‌ గ్లాసు చువ్వ ఒకటి నిలువునా చీలి, నూగు అరచేతిలో గుచ్చుకుంది. దాని స్థానంలో వెదురు బద్ద వాడుతున్నాం, అదే నయం. వరండాలో మంచం వేసుకునేవారు వేసవి సాయంత్రాల ఈదురుగాలికి ముందే తెర విప్పి పెట్టడం మంచిది.

గడ్డిలో బట్టలు ఆరేయకుండా, సంచులు నేల మీద పెట్టకుండా ఉండటానికి కూడా ఈ మంచమే పనికివస్తోంది. పొదల్లో, గడ్డిలో ఉండే సూక్ష్మమైన పురుగు పిల్లల కాటు వల్ల స్క్రబ్ టైఫస్ జ్వరం వస్తుంది కాబట్టి, పగటిపూట సామాను మంచం మీదే ఉంచుతున్నాం.

ఏ నెలలో వెళ్ళాలన్నది అడిగేవారికి నా ఉద్దేశం చెబుతాను. అక్టోబరు తుపానుల కాలం. 2014లో హుద్‌హుద్ అక్టోబరు 12న విశాఖ దగ్గర, 2018లో తిత్లీ అక్టోబరు 11న శ్రీకాకుళం తీరాన విరుచుకుపడ్డాయి. దానికితోడు దసరా తర్వాతి మంగళవారం పైడితల్లి సిరిమానోత్సవం నాడు విజయనగరం దాటడమే కష్టం. కార్తీక మాసపు ఆదివారాలు జలాశయం గట్టు వనభోజనాలతో, పెద్ద సౌండుబాక్సులతో నిండిపోతుంది. సంక్రాంతి సెలవులు ముగిశాక జనవరి చివరి వారాల నుంచి ఫిబ్రవరి దాకా నీరు నిండుగా, గట్టు ఖాళీగా ఉంటుంది. 1960లలో గోస్తనీ నదిపై కట్టిన తాటిపూడి జలాశయం నీటిని విశాఖపట్నం తాగుతుందన్నది గుర్తుంచుకుని, సబ్బుతో స్నానాలు, గిన్నెలు తోమడం గదిలోనే కానివ్వాలి.

ఇటీవల ఒక మంచానికి తలవైపు అడ్డగొట్టం దూరే కుట్టు పూర్తిగా విడిపోయింది. తయారీ సంస్థ విడి గుడ్డ అమ్మడం లేదని చెప్పింది. లారీ టార్పాలిన్లు కుట్టేవారి దగ్గరికి పాత గుడ్డను కొలతకు తీసుకెళ్తే, మందపాటి కాన్వాసుతో రెండు వరుసల కుట్టు వేసి ఇచ్చారు. అది అసలు గుడ్డ కన్నా బరువు, తడిస్తే ఆరడానికి ఒక పగలంతా పడుతుంది, అయినా కుంగడం లేదు; నాన్నగారు ఇప్పుడు దాని మీదే పడుకుంటున్నారు, పాత గుడ్డ ఉన్న మంచాన్ని వానాకాలానికి అట్టిపెట్టాం. కొత్తగా కొనేవారు కుట్టు ఒక్క వరుసే ఉంటే దుకాణంలోనే రెండో వరుస వేయించుకుని తీసుకెళ్ళమని, పాడైన గుడ్డను కొలత కోసమైనా పారేయవద్దని నా సూచన.