రేసు స్కీయింగ్‌లో కార్బన్: దేనికి పెట్టాలి డబ్బు?

ఆల్పైన్ రేసు (మంచు వాలులో పాతిన గుర్తు కర్రల, అంటే గేట్ల, మధ్య స్కీలపై దిగే పందెం) కోసం కార్బన్ ఫైబర్ సామాను చూస్తున్నవాళ్లకు ముందే చెప్పేస్తున్నాం: జెయింట్ స్లాలమ్ (గేట్లు దూరదూరంగా ఉండే రేసు) పోల్స్‌కి, అంటే చేతికర్రలకి పెట్టండి, స్లాలమ్ (గేట్లు దగ్గరదగ్గరగా ఉండే రేసు) షిన్ గార్డులకు, అంటే ముంగాలి కవచాలకు పెట్టండి. స్లాలమ్ ప్రాక్టీసు పోల్స్‌కి మాత్రం అల్యూమినియమే మేలు.

జెయింట్ స్లాలమ్ పోల్ ఒంటిని అంటిపెట్టుకునేలా వంపు తిరిగి ఉంటుంది. లెకీ, కోంపర్డెల్ లాంటి కంపెనీలు కార్బన్‌లో రేసు పోల్స్ చేస్తాయి. చేత్తో ఊపి చూస్తే అసలు తేడా కింది కొసలో తెలుస్తుంది. కొస తేలికైతే మణికట్టు కాస్త తిప్పగానే పోల్ ముందుకొచ్చేస్తుంది.

పొడవుకి లెక్క సులువే: ఎత్తును 0.7తో హెచ్చవేయండి. 170 సెం.మీ. మనిషికి 119 వస్తుంది, అంటే 120 పోల్. పొడవు తగ్గించాలంటే పైనుంచే, గ్రిప్ (చేతిపిడి) తీసి కోయాలి. తీసేముందు గ్రిప్ ఎటు చూస్తోందో షాఫ్ట్ (పోల్ గొట్టం) మీద గీత గీసుకోండి. ఇది మరిచిపోతే వంపు పక్కకి తిరిగిపోతుంది, ఆ పోల్ ఇక ఒంటికి అమరదు. గ్రిప్‌ని వేడినీళ్లలో కాసేపు ఉంచి తిప్పుతూ లాగండి. కోసేచోట మాస్కింగ్ టేప్ గట్టిగా చుట్టి, సన్నపళ్ల హ్యాక్సా బ్లేడుతో, తడుపుతూ కోయండి. పైపు కట్టర్ వద్దేవద్దు, గొట్టాన్ని నొక్కి పోగుల్ని చిట్లగొడుతుంది. ఆ పొడి ఊపిరితిత్తులకు చేటు, మాస్కు లేకుండా రంపం పట్టొద్దు.

కార్బన్‌కి అసలు శత్రువు స్కీ ఉక్కు అంచు. దెబ్బ తిన్న అల్యూమినియం వంగుతుంది, చూడగానే తెలిసిపోతుంది. కార్బన్ అలా కాదు, చిన్న గాటు దగ్గర్నుంచే ఠక్కున విరుగుతుంది. వారానికోసారి షాఫ్ట్ పొడవునా గోరు రాసి చూడండి. గోరు ఎక్కడైనా తట్టుకుందంటే ఆ పోల్‌ని రేసుకి తీసుకెళ్లొద్దు. స్లాలమ్‌లో గేటు దెబ్బలు ఆగవు కాబట్టే రోజువారీ ప్రాక్టీసుకి అల్యూమినియం అన్నాం.

షిన్ గార్డు సంగతి వేరు. స్లాలమ్‌లో గేటుని ముంగాలితోనూ చేత్తోనూ పడగొట్టుకుంటూ పోవాలి. గట్టి కార్బన్ చిప్ప ఆ దెబ్బని ఒక్కచోట దిగనీయకుండా లోపలి ఫోమ్ అంతటికీ పంచుతుంది. కొనేటప్పుడు సొంత బూట్లు తొడుక్కుని, మోకాళ్లు బాగా వంచి చూడండి. నిలబడితే అన్నీ సరిపోయినట్టే ఉంటాయి. వంగినప్పుడే కింది అంచు బూటు బకుల్‌కి తగులుకుంటుందో లేదో తెలుస్తుంది. చిప్ప కింది అంచు బూటు పై అంచుని కప్పాలి. మధ్యలో సందు మిగిలితే గేటు సరిగ్గా అక్కడే కొడుతుంది. వెల్క్రో పట్టీల్లో మంచు చేరితే పట్టు జారుతుంది, పరుగుకి ముందు దులుపుకోండి.

గార్డు చిప్ప మీద పైపైన గీతలు పడితే భయం లేదు. అనుమానంగా ఉంటే నాణెంతో తట్టండి: అంతటా ఖణేలుమని, ఒక్కచోట మాత్రం మొద్దుగా పలికితే లోపల పొరలు విడిపోయాయి, మార్చేయండి. తడిసిన గార్డుని హీటర్ మీద పెట్టకండి, ఫోమ్ జిగురు వదిలేస్తుంది. పట్టీలు విప్పి, గదిలో గాలికి ఆరబెడితే చాలు.